పోరంబోకు బంతి

కిందటేడు మా విశాఖలో జరిగిన తూర్పు తీరం ఓపెన్ టెన్నిస్ పోటీల్లో, పురుషుల డబుల్స్ ఫైనల్ చివరి బంతి తాతారావుకూ జయశీల్‌కూ సరిగ్గా మధ్యగా వచ్చింది. అది తాతారావు కొడతాడని జయశీల్ ఆగాడు. జయశీల్ కొడతాడని తాతారావు ఆగాడు. పెళ్లింట్లో ఎవరూ పలకరించని చుట్టంలా బంతి వాళ్లిద్దరి మధ్య నుంచి వెనక్కి వెళ్లిపోయింది. మ్యాచ్ పోయింది. కప్పు పోయింది. వాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వారు.

ఓటమిని మా టెన్నిస్ సమాఖ్య భరించగలిగింది. నవ్వును భరించలేకపోయింది.

విచారణ సంఘం వేశారు. అది చాలాకాలం కూర్చుని, 'సదరు బంతి విషయమై బాధ్యత ఎవరిదన్నదీ నిర్ధారణ కాలేదు' అని తేల్చింది. సమాఖ్య అధ్యక్షులు చెన్నుభొట్ల విశ్వపతి గారిని ఆ వాక్యం నిద్రపోనివ్వలేదు. ఆయన సర్వే శాఖలో పెద్ద ఉద్యోగం చేసి విరమించారు. సగం జిల్లా గట్టు తగాదాలు ఆయన చేతిమీదుగా తీరాయి. రాకెట్ ఎప్పుడూ పట్టలేదు. నవ్వగా చూసినవారు కూడా లేరు.

ఒక ఉదయం ఆయన మా ఇంటికి వచ్చారు. నేను మనస్తత్వశాస్త్రం బోధించి విరమించినవాణ్ణి, ఒంటరిని. ఇంట్లో రెండో కుర్చీ మీద పుస్తకాలుంటాయి. ఆయన వాటిని తీసి నేలమీద పెట్టి, కుర్చీని గోడకు సమాంతరంగా జరిపి కూర్చున్నారు.

"చూడండి ప్రొఫెసర్ గారూ, లోకంలో తగాదా అన్నది హద్దు లేనిచోట పుడుతుంది. కోర్టులో ఒక పక్క ఇద్దరు హక్కుదారులు. మధ్యన గట్టు లేదు. ఇదేం వ్యవసాయం?"

"అది ఆటండి."

"ఆటయితే మరీ జాగ్రత్తగా ఉండాలి. పొలంలో తగాదా పడితే కనీసం పంటన్నా మిగులుతుంది."

ఆయన పథకం వివరించారు. కోర్టులో ప్రతి పక్షం భూమినీ కొలిచి ఇద్దరికీ చెరిసగం పంచుతారు. భాగస్వామి భూమిలోకి పోవాలంటే చెయ్యెత్తి అనుమతి అడగాలి. రెండు భాగాలకూ నడుమ బారెడు వెడల్పున పసుపు పట్టీ ఉంటుంది. అది ఎవరిదీ కాదు, పోరంబోకు. అందులో పడిన బంతిని కొట్టినవాడు ఆక్రమణదారు. కొట్టకుండా వదిలినవాడు నిర్లక్ష్యం చేసినవాడు.

"కొట్టి పాయింట్ గెలిస్తే?"

"ఆక్రమించి పండించినా ఆక్రమణే కదండీ."

అంతర్జాతీయ సంస్థకు ఈ పథకం రాసి పంపితే, 'మీ ఆలోచన ఆసక్తికరంగా ఉంది' అని జవాబు వచ్చిందట. తన ఉద్యోగ జీవితంలో అంతకన్నా స్పష్టమైన అనుమతి చూడలేదని ఆయన అన్నారు.

"ఇందులో నా పని?"

"భూమిని గొలుసుతో కొలుస్తాం. ఆ పట్టీలో బంతి పడ్డప్పుడు ఇద్దరిలో ఎవరి బుర్రలో ఏముందో కొలిచే గొలుసు మా దగ్గర లేదు. మీరు మనసుల్లోకి చూస్తారు కదా. మిమ్మల్ని ఉద్దేశ నిర్ధారణాధికారిగా నియమించడమైనది."

మనసుల్లోకి చూడటం కుదరదని నేను ఉద్యోగమంతా పాఠం చెప్పాను. నా విద్యార్థులే నమ్మలేదు, విశ్వపతి గారు నమ్ముతారా. పైగా ఇద్దరు మనుషులు కలిసి ఒక పని చేస్తుంటే దగ్గరగా కూర్చుని చూసే అవకాశం నా జీవితంలో పెద్దగా రాలేదు. ఒప్పుకున్నాను.

నాకు అంపైర్ పక్కనే ఎత్తు కుర్చీ వేశారు. దాని ఎత్తు మీద చర్చ జరిగింది. మనసు బంతికన్నా గొప్పది గనక నా కుర్చీయే ఎత్తుగా ఉండాలని విశ్వపతి గారు. ఎండలో నా నీడ తన మీద పడుతుందని అంపైర్ ఆల్వా గారు. మంగుళూరు నుంచి వచ్చిన ఆ పెద్దావిడ ఎక్కువ మాట్లాడరు. చివరికి జానెడు తక్కువ ఎత్తు దగ్గర రాజీ కుదిరింది. కోర్టు నాలుగు మూలలా హద్దు రాళ్లు పాతుతామన్నారు గాని, తట్టుకుని పడతారేమోనని ఎర్ర జెండాలతో సరిపెట్టారు.

ఈ ఏటి పోటీల మొదటి మ్యాచ్‌లోనే పట్టీలో బంతి పడింది. అర్జెంటీనా నుంచి వచ్చిన ఆటగాడొకడు దాన్ని వదిలేశాడు. ఆట ఆపించి నేను దిగి వెళ్లాను. విశ్వపతి గారు నా వెనకే వచ్చారు.

"ఆ క్షణంలో నువ్వు ఏమనుకున్నావు?" అని అడిగాను.

"ఏమీ అనుకోలేదు. బంతి వచ్చింది, పోయింది."

"రాసుకోండి," అన్నారు విశ్వపతి గారు. "ఏమీ అనుకోకపోవడం ఉద్దేశపూర్వక నిర్లక్ష్యం. ఒక మచ్చ."

మచ్చల విధానం ఇదీ. ఒక ఆటగాడికి మూడో మచ్చ పడగానే విడదీత ఉత్తర్వు వస్తుంది. ఆ జంట రద్దు, ఆ జంటగా గెలిచిందంతా రద్దు. ఇద్దరికీ చెరో కొత్త భాగస్వామిని నిర్దోషుల్లోంచి ఇస్తారు. మచ్చ పడనివాడే నిర్దోషి.

మరునాటికల్లా ఆటగాళ్లు నేర్చుకున్నారు. బంతిని వదిలేయడానికి ముందే వాళ్ల ముఖాల్లో వాంగ్మూలం సిద్ధంగా ఉండేది. వాంగ్మూలంలో చూపిన ఆ వేగంతో వాళ్లెవరూ నెట్ దగ్గరికి రాలేదు. అందరూ పట్టీకి దూరంగా చెరో అంచుకీ ఒదిగి, గొడవపడ్డ తోడికోడళ్లలా ఆడారు. అవతలివాళ్లు బంతులన్నీ పట్టీలోకే కొట్టారు. సర్వీస్ చేసినవాడిదే పాయింట్, ఆపైన విచారణ. ప్రేక్షకులకు మొదట విసుగొచ్చినా, విచారణలే ఆటకన్నా బావున్నాయని రెండో రోజు నుంచి జనం పెరిగారు. వాంగ్మూలం బాగుంటే చప్పట్లు కొట్టేవారు.

నిర్దోషుల్లో అందరికన్నా ముందున్నవాడు పుణె ఆటగాడు గోడ్బోలే. మొదటి రోజు బస్సు దిగుతూ కాలు మడతపడి, ఒక్క బంతీ ముట్టుకోలేదు. జంట విడిపోయిన ఒక జర్మన్‌కి అతన్ని కేటాయించారు. గోడ్బోలే చంకకర్రలతో తన భూమిలో నిలబడ్డాడు. అవతలివాళ్లు బంతులన్నీ అతని వైపే కొట్టారు. జర్మన్ చెయ్యెత్తి అనుమతి అడిగేవాడు. గోడ్బోలే మర్యాదస్థుడు, అనుమతి ఇవ్వడానికి చెయ్యెత్తబోతే కర్ర జారేది. ఒక్క గేమూ గెలవకుండా ఓడిపోయారు. ఒక్క మచ్చా పడనందుకు సమాఖ్య వాళ్లకు ఆదర్శ జంట అని శాలువాలు కప్పింది. జర్మన్ శాలువాలోనే ఏడ్చాడు. అది కృతజ్ఞత అని విశ్వపతి గారు నా చేత నిర్ధారణ చేయించారు.

చెక్ దేశపు కవలల దగ్గర మాత్రం చట్టం తడబడింది. వాళ్లు అచ్చు ఒకేలా ఉంటారు. తప్పు జరిగిందని తెలుస్తుంది, ఎవరిదో తెలియదు. ఒకడికి ఎర్ర టోపీ, ఇంకొకడికి నీలం టోపీ పెట్టించాం. మూడు గేములు కాగానే టోపీలు మారాయో లేదో మాకు అనుమానం వచ్చింది.

"నువ్వు ఎవరివి?" అని ఎర్ర టోపీని అడిగాను.

"చిన్నప్పటినుంచీ మా ఇంట్లోనూ అదే అడుగుతున్నారు," అన్నాడు.

గుర్తింపు తేలనిదే బాధ్యత తేలదని వాళ్లను అలాగే వదిలేశారు. వాళ్లు హాయిగా ఫైనల్‌కి వచ్చారు.

రెండో పక్క నుంచి ఫైనల్‌కి వచ్చింది తాతారావూ జయశీల్. తాతారావుది భీమిలి, ముప్ఫయ్యారేళ్లు, కుడి మోకాలికి ఎప్పుడూ పట్టీ. జయశీల్‌ది వాల్తేరు రైల్వే క్వార్టర్స్, మూడేళ్లు చిన్న. పదకొండేళ్లుగా కలిసి ఆడుతున్నారు. పసుపు పట్టీ వచ్చాక కూడా పాత అలవాటు కొద్దీ నెట్ దగ్గరికి వచ్చి ఆడుతున్న జంట వాళ్లొక్కటే. దాని ఫలితం, చెరో రెండు మచ్చలు.

ఫైనల్‌కి ముందు సాయంత్రం నేను బీచ్ రోడ్డులో బెంచీ మీద మిరపకాయ బజ్జీలు తింటుంటే వాళ్లిద్దరూ వచ్చారు. నన్ను మధ్యన పెట్టి అటొకరు ఇటొకరు కూర్చున్నారు.

"సారూ, ఒక మాట అడుగుతాం, ఏటనుకోకండి," అన్నాడు తాతారావు. "మీరు ఆ అడగడం మానేత్తే బాగుంటాది."

"ఏ అడగడం?"

"ఆ క్షణంలో ఏమనుకున్నావు అని. ఇన్నేళ్లూ నానేటీ అనుకోలేదండి. ఇప్పుడు అనుకోడం అలవాటైపోనాది. బంతి వస్తంటే ముందు మీ మొహం అగుపిస్తంది, ఎనకాల బంతి."

"నాకైతే మీ మొహం వెనక తాతా మొహం," అన్నాడు జయశీల్. అతను తాతారావును అలాగే పిలుస్తాడు. "మొన్న గదికొచ్చాక నన్ను అడిగాడండి, ఆ బంతి నీదా నాదా అని. పదకొండేళ్లలో ఎప్పుడూ అడగలేదు."

"అడిగితే తప్పేటిరా?"

"అడగడం తప్పు కాదు. నేను చెప్పాక 'సర్లే' అన్నావు. ఆ సర్లే తప్పు."

తాతారావు నా పొట్లంలోంచి బజ్జీ తీసుకుని సముద్రం వైపు చూస్తూ తిన్నాడు. నీళ్లు మింగుతున్నవాణ్ణి ఎలా మింగుతున్నావని అడిగితే పొలమారుతుంది. నేను వారం రోజులుగా జీతానికి చేస్తున్న పని అదే.

"మునుపు మీకు ఎలా తెలిసేది, బంతి ఎవరిదో?" అని అడిగాను. అడిగాక, మళ్లీ అడుగుతున్నానని గుర్తొచ్చింది.

"తెలిసేదని ఎవరన్నారు సారూ? తెలీకే కదా కిందటేడు ఓడిపోనాం."

"మరి నవ్వారెందుకు?"

ఇద్దరూ నా తల మీదుగా ఒకరినొకరు చూసుకున్నారు.

"ఒకేసారి ఇద్దరం మర్యాద చేసుకున్నాం కదండీ," అన్నాడు జయశీల్.

"మా భీమిలి బస్సు దగ్గరా ఇంతే. మీరెక్కండి, మీరెక్కండి అంటంటే బస్సు ఎల్లిపోద్ది. ఏడుత్తామా?"

అసలు సంగతి తర్వాత చెప్పారు. సముద్రాల అవతల పచ్చగడ్డి మీద ఆడే పెద్ద పోటీకి వాళ్లు ఏటా సొంత ఖర్చులతో వెళతారు, ఎదురుచూసే జంటగా. లోపలివాళ్లలో ఎవరికైనా జబ్బు చేస్తే వీళ్లకు చోటు. ఇంతవరకూ ఎవరికీ చేయలేదు.

"పోయినసారి ఒకడికి జలుబు చేసిందన్నారు," అన్నాడు జయశీల్. "ఎంత ఆశపడ్డామో. మధ్యాహ్నానికి తగ్గిపోయింది."

"నాను వాడికి తగ్గకూడదని సింహాచలం అప్పన్నకి మొక్కుకున్నాను కూడా. పాపం కదేటండి?"

ఈ కప్పు గెలిస్తే ఆ పోటీలో నేరుగా చోటు దొరుకుతుంది. జంటగా గెలవాలి. ఒక్క మచ్చ పడినా జంట ఉండదు. తాతారావు మోకాలు ఇంకో ఏడాది ఆగదు. నేను ఏమీ మాట ఇవ్వలేదు. ఉద్దేశ నిర్ధారణాధికారికి ఉద్దేశాలు ఉండకూడదని నియమం.

ఫైనల్ నాడు వాళ్లిద్దరూ మొదటిసారి చెరో అంచుకీ ఒదిగి ఆడారు. చూడబుద్ధి కాలేదు. ఇన్నేళ్లుగా ఒకే గదిలో పడుకుంటున్నవాళ్లు రైల్లో ఎదురుబొదురు కూర్చున్న కొత్తవాళ్లలా ఉన్నారు. అయినా సర్వీస్ బాగుండి చెరో సెట్టూ అయింది. చివరి టై బ్రేక్‌లో మావాళ్లు తొమ్మిది, కవలలు ఎనిమిది. ఇంకొక్క పాయింట్.

ఎర్ర టోపీ బంతిని పసుపు పట్టీలోకి కొట్టాడు.

కొడితే ఆక్రమణ, వదిలితే నిర్లక్ష్యం. ఎటైనా జంట పోతుంది. ఇది నేను కుర్చీలో కూర్చుని ఆలోచించినది. వాళ్లు ఆలోచించినట్టు లేదు. ఎవరూ ఎవరినీ పిలవలేదు. ఇద్దరూ ఒకేసారి ఉరికారు. రెండు రాకెట్లు పట్టీ మీద ఢీకొన్నాయి. అందులోంచి బంతి ఎటు పోవాలో తోచనట్టు నిటారుగా లేచి, తాపీగా నెట్ దాటి, అవతల పసుపు పట్టీ మీద పడింది. కవలలు ఒకరినొకరు చూసుకున్నారు. అది ఎవరి బంతో కాదు, తానెవరో తేల్చుకునేలోపు బంతి రెండోసారి నేలను తాకింది.

ఆల్వా గారు మైకు మూసి నా వైపు వంగారు.

"రెండు రాకెట్లూ బంతికి తగిలితే పాయింట్ వాళ్లది కాదు. ఒక్కటే తగిలితే మ్యాచ్ అయిపోయినట్టే. నాకు ఒకే చప్పుడు వినిపించింది. ఎవరిదో కనబడలేదు. ఇలాంటప్పుడు ఆటగాళ్ల మాటే ప్రమాణం. అడిగి రండి."

కెమెరా ఉంది గాని, ఆ క్షణంలో విశ్వపతి గారు లేచి నిలబడటంతో అది ఆయన్ను చూపిస్తోంది.

"విడివిడిగా విచారించాలి," అన్నారు ఆయన, అప్పటికే మెట్లు దిగుతూ. "ఒకరి వాంగ్మూలం ఒకరి చెవిన పడకూడదు."

ఒకణ్ణి ఈ మూల ఎర్ర జెండా దగ్గర, ఇంకొకణ్ణి ఆ మూల జెండా దగ్గర నిలబెట్టారు. ముందు తాతారావు దగ్గరికి వెళ్లాను. మోకాలు పట్టుకుని వంగి ఉన్నాడు.

"నానే సారూ. నా బ్యాటే తగిలింది. మచ్చ నా మీద రాయండి. ఆడికి వయసుంది, ఇంకెవరితోనైనా ఆడుకుంటాడు."

తర్వాత జయశీల్ దగ్గరికి నడిచాను. ఆ మూలకు చేరేలోపు అతనేం చెప్పబోతాడో నాకు తెలిసింది. మనసులోకి చూడటం కుదరదన్న నా పాఠం ఆ కాస్త దూరం పనిచేయలేదు.

"నేనేనండి. తాతా బ్యాట్ నా బ్యాట్‌కి తగిలింది గాని బంతికి తగల్లేదు. రూలు ప్రకారం నాకే వేయండి. అతనికి ఇదే ఆఖరుసారి, ఇంకెవరినైనా ఇచ్చి ఆడనివ్వండి."

బాధ్యత ఎవరూ తీసుకోవడం లేదని పుట్టిన పదవి నాది. ఇప్పుడు ఒక్క బంతికి ఇద్దరు బాధ్యులు దొరికారు. రెండు మాటలూ నమ్మితే రెండు రాకెట్లూ తగిలినట్టు, పాయింట్ పోయినట్టు. వాళ్ల మంచితనమే వాళ్లను ఓడించేలా ఉంది. కుర్చీ దగ్గరికి తిరిగి వచ్చేటప్పుడు పసుపు పట్టీ మీదుగానే నడిచాను. అక్కడ నడిచేందుకు నాకూ అనుమతి లేదు.

"ఎన్ని?" అని అడిగారు ఆల్వా గారు.

"ఒక్కటే."

"ఎవరిది?"

"మీ రూలుకు అది అవసరమా?"

ఆవిడ మైకు తెరిచారు. గేమ్, సెట్, మ్యాచ్ అన్నారు. జనం లేచారు.

అంపైర్‌కి అవసరం లేనిది విశ్వపతి గారికి అవసరమే. కప్పు బల్ల మీద ఉండగా ఆయన నన్ను పక్కకు పిలిచారు.

"ఆక్రమణదారు ఎవరు?"

"ఎవరికీ ఉద్దేశం లేదండి."

"ఉద్దేశం లేకపోవడం ఉద్దేశపూర్వక నిర్లక్ష్యమని మనం ముందే..."

"నిర్లక్ష్యం అంటే వదిలేయాలి కదండీ. ఇద్దరూ వచ్చారు."

"అయితే ఇద్దరూ ఆక్రమించారు."

"ఆక్రమిస్తే నాదంటారు, నాకు కావాలంటారు. వీళ్లు నాదంటున్నది తప్పును. మీ సర్వీసులో ఇలాంటి కేసు వచ్చిందా?"

ఆయన కప్పు వైపు చూశారు. తర్వాత ఆయన ముఖంలో, పాత స్నేహితుణ్ణి రైలు కిటికీలో చూసినప్పటి వెలుగు వచ్చింది.

"వచ్చింది. నాగావళి పక్క ఊళ్లో. వరదొచ్చి ఒకడి గట్టు కోసి రెండోవాడి వైపు మేట వేసింది. ఆ మన్ను నీదేనని వాడు, కాదు నీదేనని వీడు. ఏటి కోత ప్రొఫెసర్ గారూ. ఏటి కోతకు బాధ్యులు ఉండరు."

"అదేనండి ఇది."

"ప్రకృతి వైపరీత్యం కింద మూసివేయడమైనది," అని ఆయన తనలో తాను ఒకసారి అనుకుని, రుచి చూసుకుని, కప్పు అందించడానికి వెళ్లారు.

పోటీల అనుభవాలను సమీక్షించడానికి సమాఖ్య మళ్లీ కూర్చుంది. ఒకే భూమిలో ఇద్దరు ఉండటమే అనర్థాలన్నిటికీ మూలమని, వచ్చే ఏడు నుంచి డబుల్స్‌లో జంటకు ఒక ఆటగాడు సరిపోతాడని తీర్మానించింది. ఎవరో సభ్యుడు, దాన్ని సింగిల్స్ అంటారు కదా అన్నాడట. సింగిల్స్‌లో కోర్టు వెడల్పు తక్కువని విశ్వపతి గారు సరిదిద్దారు.

ఆ తర్వాత నెలలో పచ్చగడ్డి పోటీ మొదలైంది. మొదటి రౌండ్ మ్యాచ్ టీవీలో చూశాను. తెల్ల బట్టల్లో వాళ్లిద్దరూ కొత్త పెళ్లికొడుకుల్లా బిగుసుకుని ఉన్నారు. అక్కడ పసుపు పట్టీ లేదు. మూడో గేములో ఒక బంతి ఇద్దరికీ సరిగ్గా మధ్యగా వచ్చింది. తాతారావు ఆగాడు. జయశీల్ ఆగాడు. బంతి వాళ్ల మధ్య నుంచి తాపీగా వెళ్లిపోయింది. వాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత తాతారావు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, భుజాలు ఎగిరిపడేలా నవ్వాడు.

నాకు ఫోన్ వచ్చింది. విశ్వపతి గారు.

"చూస్తున్నారా?"

"చూస్తున్నానండి."

"ఇంత దూరం పోయి, ఇన్నేళ్లు ఎదురుచూసి, మళ్లీ అదే చోట. ఎవరి బాధ్యతంటారు?"

జవాబు చెబుదామని నోరు తెరిచాను. ఫోన్‌లో ముందు దగ్గులాంటిదేదో వినిపించింది. తర్వాత అది దగ్గు కాదని తెలిసింది. చాలాసేపు ఇద్దరం ఫోన్ పెట్టేయలేదు.

ఆ నవ్వు ఎవరు మొదలుపెట్టారన్నదీ నిర్ధారణ కాలేదు.